గళ్ళు కలిపి పోసిన కుచ్చిళ్ళు

నడుము కొలుస్తాను చేతులెత్తమంటే, సిద్ధార్థ ఎయిర్‌పోర్టు తనిఖీలో నిలబడ్డట్టు నిలబడ్డాడు. రాఫెల్స్ ప్లేస్‌లో అతని ఆఫీసులో స్కాట్లాండు బాసు వెళ్ళిపోతున్నాడట. వీడ్కోలు రోజున టీమంతా ఆయన దేశపు కిల్టు, అదే, మగవాళ్ళు మోకాళ్ళదాకా కట్టుకునే గళ్ళ పావడా, వేసుకోవాలనుకున్నారట. “ఇంట్లోనే ఉంటావుగా హేమా, గంట పని” అని గుడ్డా, నెట్‌లోంచి ప్రింటు తీసిన కాగితాలూ తెచ్చిపెట్టాడు. నేను ఎమ్మెస్సీ చదివి, అతని ఉద్యోగపు పాసు మీద డిపెండెంటు భార్యగా ఈ దేశం వచ్చినదాన్ని. ఇంట్లో ఉండేవాళ్ళ పనంతా గంట పనే.

కిందింటి సూరమ్మ ఆంటీ తన చేతి మిషను ఇచ్చింది. తాతల కాలంలోనే ఇక్కడికొచ్చిన కుటుంబం వాళ్ళది. “పెలాన్ పెలాన్‌గా తిప్పమ్మా, బేగీ తిప్పితే దారం తెగిపోద్ది” అంది. మెల్లగా తిప్పాను. ముందు భాగం సాదాగా వదిలేసి, కుచ్చిళ్ళు వెనక్కి పొయ్యాలని కాగితంలో ఉంది. చదివాను కూడా. నా వేళ్ళు మాత్రం చీర అలవాటులో ముందువైపు పైకొచ్చే కొసనే కుచ్చిళ్ళు పోసేశాయి. అది కట్టుకుని సిద్ధార్థ పేరంటానికి బయల్దేరినట్టు అద్దం ముందు నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నాం. అతనంటే నాకెంత ఇష్టమో అప్పుడు గుర్తొచ్చింది.

అంతా విప్పేశాను. ప్రతి మడత మీదికీ గళ్ళలోని ఎర్ర గీతే రావాలి, ఒక్కటి తప్పితే వెనకంతా వంకర. మూడు రోజులు పట్టింది. పట్టీ వేసి కుట్టేసరికి గళ్ళు ఎక్కడా తెగలేదు. నాకు నేనే ముచ్చటపడ్డాను.

దాన్ని ఆఫీసులో చూపించడానికి తీసుకెళ్ళి, మర్నాడు మూడు సంచుల గుడ్డతో వచ్చాడు. అందరికీ తెగ నచ్చిందట, శుక్రవారానికల్లా ఇంకో మూడు కావాలట. ఎవరు కుట్టారని అడగలేదా అన్నాను.

“అడిగారు. తెలిసినావిడ ఒకరు కుట్టారని చెప్పా. మా ఆవిడంటే బావుండదని.”

బల్ల మీద గుడ్డ పరిచి, అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, అతని వేళ్ళ మధ్య మొదటి మడత పెట్టాను. అది జారిపోయింది. మళ్ళీ పెట్టాను. పది నిమిషాలకే మెడ నిమురుకుంటూ, “నీకెన్ని రోజులు పట్టింది?” అన్నాడు. అప్పటిదాకా అడగలేదు.

“మూడు” అన్నాను, అతని వేలు మీద నా వేలు ఆనించి. “రేపు అడిగితే, నీది కుట్టింది మా ఆవిడ హేమమాలిని అని చెప్పు. ఈ మూడూ నువ్వు కుట్టావని చెప్పుకో.”