నా పేరు మీదే

బ్యాంకు మేనేజరు కంప్యూటరు వైపు చూసి పెదవి విరిచాడు.

"మీ క్రెడిట్ స్కోరు బాగా పడిపోయిందమ్మా. కారు లోను కిస్తీలు ఆగిపోయాయి."

"ఆ కారు నా దగ్గర లేదు సార్. విడాకులప్పుడు కిస్తీలు ఆయనే కట్టాలని కోర్టు చెప్పింది."

"కోర్టు మీ ఇద్దరికీ చెప్పింది, లోను కంపెనీకి కాదు. లోను కాగితాల మీద మీ సంతకం కూడా ఉంది కదా. పోనీ, ఈ కొత్త లోను మీ అన్నగారి పేరు మీద తీసుకోండి, తొందరగా అయిపోతుంది."

ఆమె లేచి వచ్చేసింది. వీధిలో అందరూ ఆమెను లాండ్రీ అక్క అంటారు. అద్దె షాపులో రెండు లాడ్జీల దుప్పట్లు ఉతుకుతుంది. పెద్ద మెషీను కొంటే తమ దుప్పట్లన్నీ ఇస్తామని ఆసుపత్రివాళ్లు చెప్పారు. దాని కోసమే ఈ లోను.

అన్న కూడా మేనేజరు మాటే అన్నాడు. "నా పేరు మీద తీసుకుంటే తప్పేంటే? మనం మనం ఒకటేగా."

"మొదట నాన్న పేరు, తర్వాత ఆయన పేరు. ఇప్పుడు నీ పేరా? చెడింది నా పేరు అన్నయ్యా. బాగుపడాల్సిందీ అదే."

"తను ఒకసారి వద్దంటే వద్దనే. మీరు భోంచేయండి," అంది వదిన.

స్కోరు పడటానికి ఇంకో కారణమైన క్రెడిట్ కార్డు బిల్లు ఎగ్గొట్టింది మాత్రం లాండ్రీ అక్కే. భర్త ఇల్లు వదిలి వచ్చిన కొత్తలో చేతిలో ఉన్నది అద్దెకే చాలలేదు. ఆ తప్పును ఎవరి నెత్తినా రుద్దలేదు, వడ్డీతో సహా ఎప్పుడో తీర్చేసింది. పాత రికార్డంతా చెరిపేస్తానని ఒక ఏజెంటు ఫీజు అడిగితే, "మరకలు తీయడమే నా పని బాబూ. రాత్రికి రాత్రి ఏ మరక పోతుందో, ఏది పోదో నాకు తెలుసు," అని పంపించేసింది.

ఇక మిగిలింది కారు. లోను వసూలుకు వచ్చేవాళ్ల కంట పడకుండా దాన్ని మాజీ భర్త తన స్నేహితుడి షెడ్డులో దాచాడని ఒకప్పటి ఆడపడుచే చెప్పింది. ఆమె నేరుగా అక్కడికే వెళ్లింది. అతను కారు తుడుచుకుంటున్నాడు.

"మనకి తెగతెంపులు అయిపోయాయిగా. నా కారుతో నీకేం పని?"

"మనకి అయ్యాయి. లోను కంపెనీకీ నాకూ అవలేదు. ఈ నెలలోగా దీన్ని అమ్మి అప్పు తీర్చు. లేదంటే ఈ షెడ్డు దారి వాళ్లకి నేనే చూపిస్తా."

"వాళ్లు కారు పట్టుకుపోతే నీ పేరు ఇంకా చెడుతుంది."

"నిండా మునిగినవాళ్లకి చలేంటి? నీకైతే కారు పోతుంది."

అతను గొణుక్కుంటూనే అమ్మాడు. వచ్చిన డబ్బు అప్పుకు చాలలేదు. మిగిలినదాంట్లో సగం కడితే చాలని కంపెనీవాళ్లు అనగానే అతను ఎగిరి గంతేశాడు. ఆమె అడ్డం పడింది. సగంతో తెంచుకుంటే అప్పు పూర్తిగా తీర్చలేదన్న మాట తన పేరు పక్కన ఉండిపోతుంది.

"మొత్తం కట్టు. లేకపోతే కోర్టు ఉత్తర్వు పట్టుకుని మళ్లీ అక్కడే కలుద్దాం."

అతను కట్టాడు. లోను పూర్తిగా తీరిందని రికార్డులో ఎక్కేదాకా ఆమె కంపెనీ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. తర్వాత స్కోరు పెంచుకోవడానికి చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, దాని హామీ మీద క్రెడిట్ కార్డు తీసుకుంది. సబ్బుపొడికి, కరెంటు బిల్లుకు తప్ప దాన్ని దేనికీ వాడలేదు. గడువుకు ముందే బిల్లు కట్టేసేది. స్కోరు నత్తలా పాకింది. ఒక నెల పెరగనేలేదు. ఆ రోజు మేనేజరును తిట్టుకుంటూ దుప్పట్లు బాదింది.

ఏడాది దాటాక మళ్లీ అదే మేనేజరు ముందు కూర్చుంది.

"ఇస్తాం. అడిగినంత కాదు, వడ్డీ కూడా కాస్త ఎక్కువ. అన్నగారు హామీ ఉంటే తగ్గుతుంది."

"వద్దు సార్. ఎక్కువే కడతాను. వచ్చే ఏడు వస్తాను, అప్పుడు తగ్గిద్దురుగాని."

"తగ్గించకపోతే?"

"ఊళ్లో మీదొక్కటే బ్యాంకా?"

మేనేజరు నవ్వి కాగితాలు ఆమె ముందుకు జరిపాడు.

ఆ డబ్బుకు పాత మెషీనే వచ్చింది. గుమ్మంలో పట్టకపోతే చట్రం ఊడదీయించి, పక్క గోడ కాస్త పగలగొట్టించి లోపల పెట్టించింది. ఆసుపత్రి నుంచి వచ్చిన మూటలు విప్పుతుండగా షాపు యజమాని పరుగున వచ్చాడు.

"ఎవరినడిగి గోడ పగలగొట్టావమ్మా?"

"ఎవరినీ అడగలేదు. సాయంత్రానికి మేస్త్రీ వస్తాడు," అంటూ ఆమె దుప్పట్లు లోపల వేసి మెషీను స్విచ్చి నొక్కింది.