పేపర్లో పడ్డ పేరు

డోరీన్ గార్బట్ చేసిన మేలు రాద్కో కట్టె కాలేదాకా మరిచిపోడు. మేలని ఆవిడే అంటుంది. చదువు చెప్తానని కూర్చోబెట్టి మనిషిని బజార్న పెట్టింది.

గ్రిమ్స్‌బీ లైబ్రరీలో మంగళవారం పొద్దున్నే ఆవిడ పెద్దవాళ్లకి ఇంగ్లీషు చెప్పేది. పుస్తకం లేదు. ఊళ్లో వచ్చే వారపత్రిక తలా ఒకటి చేతిలో పెట్టి, "మీకు పనికొచ్చే వార్త మీరే వెతుక్కోండి. అవసరమున్న మాటే ఒంటబడుతుంది," అనేది. బల్గేరియాలో ఏడో తరగతితో బడి మానేసి, ఇక్కడ చేపల ఫ్యాక్టరీలో వేళ్లు కొంకర్లు పోయిన రాద్కోకి ఆ పద్ధతి నచ్చింది. మొదట ఫుట్‌బాల్ చదివాడు. తర్వాత వాన కబుర్లు, చావు కబుర్లు.

మార్చిలో ఒకరోజు అతని వేలు సన్నక్షరాల ప్రకటన మీద ఆగిపోయింది. కోల్డ్‌వెల్ సందు. ఊరి కౌన్సిల్ దగ్గర కౌలుకు తీసుకుని తొమ్మిదేళ్లుగా మిరప, టమాటా పండిస్తున్న అతని తోట. అక్కడ ఇళ్లు కడతారట.

"బెంగపడకు నాయనా," అంది డోరీన్. "పత్రికవాళ్లకి ఉత్తరం రాయి. ఇవాళ్టి పాఠం అదే."

చెమటలు కక్కుతూ ఆరు వాక్యాలు రాశాడు. పాఠమే కదా అనుకున్నాడు. ఆవిడ తప్పులు దిద్ది, మాటైనా చెప్పకుండా పోస్టులో వేసింది.

మరుసటి మంగళవారం క్లాసులోని పోర్చుగల్‌వాడు అబిలియో పేపరు ఊపుతూ ఎదురొచ్చాడు. "రచయితగారూ, దయచేయండి! మాలాంటి వాళ్లతో మాట్లాడతారా ఇక?"

అందరూ చప్పట్లు కొట్టారు. రాద్కో పేపరు లాక్కున్నాడు. నల్లగా అచ్చులో అతని పేరు. కింద అతని వీధి పేరు.

బల్గేరియాలో కమ్యూనిస్టుల రోజుల్లో వాళ్ల తాత పేరు కూడా ఒకసారి పేపర్లో పడింది, పొలం సర్కారు సహకార సంఘంలో కలపనన్నాడని. నాలుగో రోజున పోలీసుల కారొచ్చింది. రెండేళ్ల తర్వాత నోట్లో పళ్లు లేకుండా తిరిగొచ్చాడు. ఆ ఇంట్లో అప్పట్నుంచీ ఒకటే కట్టుబాటు: మనిషి పేరు అచ్చులో పడేది వాడు చచ్చాకే.

"ఏమయ్యా, ఇది ఇంగ్లండు! ఎవడొస్తాడు నీకోసం?" అంది పెళ్లాం గన్కా.

"ఎవడూ రాడనే మా తాతా అన్నాడు."

"నీ మిరపకాయల కోసం రాణిగారి పటాలం దిగుతుందా ఏం?"

రాద్కో లేచాడు. కిటికీ తెరలు దించేశాడు. గురువారం ఇంటిముందు తెల్లకారు ఆగింది. రాద్కో రొట్టెముక్క కింద పెట్టి తెర చాటునుంచి చూశాడు. దిగినవాడు పక్కింట్లో పార్సెల్ ఇచ్చి పోయాడు. అయినా తెర ఎత్తలేదు. రేపే నాలుగో రోజు.

వాళ్లు రాకముందే తనే పోదామని శుక్రవారం కౌన్సిల్ ఆఫీసు మెట్లెక్కాడు.

"ఓహో, ఆ ఉత్తరం మీదేనా?" అంది కౌంటర్లో పిల్ల, మొహం వెలిగిపోతూ. "మా ఆఫీసంతా చదివాం!"

ఆఫీసంతా చదివారు.

"నేను కాదు. టీచరు రాసింది. నాకే ఫిర్యాదూ లేదు."

"ఫిర్యాదు సంగతి సరే, పాత కౌలుదార్లందరికీ పైవీధిలో బదులు తోటలిస్తున్నాం. ఇదిగో, జాబితాలో మీ పేరుంది."

"కొట్టేయండి."

"అదేంటండీ? ఊరికే ఇస్తుంటే?"

"నా పేరు ఏ జాబితాలోనూ ఉండకూడదు. కొట్టేయండమ్మా, నీకు దణ్ణం పెడతా."

ఆ పిల్ల జాలిగా చూసి, తోట వద్దని రాసిన కాగితం ముందుకు తోసింది. అర్థం కాక సంతకం పెట్టాడంటే అబద్ధం. ప్రతి మాటా అర్థమైంది. డోరీన్ ఆపాటి చదువు నేర్పింది. గట్టిగానే నొక్కి పెట్టాడు.

కారు రాలేదు. ఆ శుక్రవారమూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. మే నెలలో మిగతా పదకొండుమంది కౌలుదార్లూ పైవీధిలో పారలు దించారు. రాద్కోకి పోయింది కౌన్సిల్‌వాళ్ల పాత కొలతలో పది రాడ్ల నేల. చదరపు గజాల్లో మూడు వందల రెండున్నర.