కంబళికి పసుపు

ఆ కంబళికి మొదలూ లేదు, కొసా లేదు. రాజులమ్మకు భయం పట్టుకున్నది అక్కడే.

అనంతగిరి కొండల కింద, గెడ్డ అనే కొండవాగు ఒడ్డున, వెదురుతో కాగితం చేసే మిల్లు వెలిసి నాలుగేళ్ళయింది. కొండ మీద నుంచి వెదురు దిగివస్తుంది. దాన్ని ముక్కలు కొట్టి సున్నంలా చురుక్కుమనే సోడా కారంలో ఉడకబెడతారు. కడిగిన గుజ్జు పలచగా యంత్రం మీదికి పారుతుంది. ఆ తడి కాగితాన్ని వీపున మోసుకుపోయేది ఉన్ని కంబళి. రెండు ఇనప రోలర్ల సందులోంచి దూరి, నీళ్ళు పిండించుకుని, కాగితాన్ని ఆరబెట్టే వేడి పీపాలకు అప్పగించి, మళ్ళీ మొదటికే వస్తుంది. యంత్రం ఆగేదాకా అలా తిరుగుతూనే ఉంటుంది. దాన్ని ఇంగ్లీషు సీమలో నేస్తారట. ఓడ మీద విశాఖపట్నం వచ్చి, అక్కణ్ణుంచి ఎడ్లబండి మీద శృంగవరపుకోట దాటి ఇక్కడికి చేరేసరికి నెలలు పడుతుంది.

రాజులమ్మ మొగుడు పోలయ్య కంబళి మేస్త్రీ. అది పక్కకు ఒరగకుండా, ముడత పడకుండా చూసుకోవడం అతని పని. చిల్లులు పడితే ఉన్ని దారంతో పూడ్చడం రాజులమ్మ పని. ఉతకడం సుక్రు పని. సుక్రు ముంచింగిపుట్టు అవతలి కొండల్లోంచి వెదురు మోపుతో దిగి, ఇక్కడే ఉండిపోయిన మనిషి. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. చలికి వణుకుతుంటే చూడలేక రాజులమ్మే ఎప్పుడో అరిగి తీసేసిన కంబళి ముక్క ఒకటి అతని భుజాన వేసింది. ఎండాకాలంలో కూడా దాన్ని తీసేవాడు కాదు.

పోయిన నెల పాత కంబళి నడుస్తూ నడుస్తూ చిరిగింది. చిరుగును పక్కకు లాగబోయిన కూలీ భీముడి చెయ్యి రోలర్ల మధ్యకు పోయింది. బయటికి వచ్చిన చేతికి వేళ్ళు లేవు. వంతెన కడితే పునాదిలో మనిషి తల పెడతారని జనం గట్టిగా నమ్మే రోజులవి. ఇక మిల్లు సంగతి చెప్పాలా? యంత్రం బలి కోరుతోందనీ, నాలుగు వేళ్ళతో దాని ఆకలి తీరదనీ గుజ్జు తొట్ల దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. భీముడి అన్న ధనరాజు మటుకు గుసగుసలాడలేదు. ఎవరో చేతబడి చేయించారని పైకే అన్నాడు.

ఇదిగో, అలాంటి సమయంలో కొత్త కంబళి వచ్చింది. పెట్టె విప్పగానే ఓవర్సీరు సర్వేశ్వరరావు అందరినీ వరసగా నిలబెట్టి హెచ్చరించాడు. "ఉన్నది ఇదొక్కటే. మరక పడినా, మడత పడినా ఉద్యోగాలు ఊడతాయి. నేను చెప్పకుండా ఎవరూ ముట్టుకోకండి."

అందరూ అన్నానికి పోయినప్పుడు రాజులమ్మ ముట్టుకుంది.

ముట్టుకోక ఏం చేస్తుంది? కొత్త బట్ట ఏదైనా సరే, కొసన పసుపు పెట్టందే వాడకూడదు. పంచె కానీ, రవికెల గుడ్డ కానీ, చిటికెడు పసుపు పడాల్సిందే. ఈ కంబళి పొద్దస్తమానం తన మొగుడి పొట్టకు ఆనుకుని తిరిగేది. దీనికి పెట్టకపోతే ఇంక దేనికి పెట్టాలి? కొంగు ముడి విప్పి, పసుపు తడిపి, కొస కోసం వెతికింది. అంచు పట్టుకుని చేతులతో జరుపుకుంటూ పోయింది. పోయి పోయి బయల్దేరిన చోటికే వచ్చింది. కుట్టు లేదు, ముడి లేదు, చివర లేదు. మొదలూ చివరా లేని బట్టను మనిషన్నవాడు నేస్తాడా?

కొస లేనిదానికి ఎన్నిచోట్ల పెడితే సరిపోతుంది? అది చెప్పేవాళ్ళు లేరు. అందుకని అంచు పొడుగునా, ఎవరికీ కనపడని లోపలి వైపున, అడుగుకొక బొట్టు గట్టిగా అద్దింది. కొంగులో ఉన్న పసుపంతా అయిపోయింది. "నా మొగుడి జోలికి రాకు తల్లీ" అని కంబళికి దండం కూడా పెట్టింది.

మర్నాడు సుక్రు తడిపి ఇచ్చిన కంబళిని యంత్రానికి ఎక్కించారు. మిల్లు దొర విశాఖపట్నం వెళ్ళాడు, వచ్చేలోగా కాగితం కనపడాలి. ఆ తొందరలో గుజ్జును సరిగా కడగలేదు. ముట్టుకుంటే కారం వేళ్ళకు చురుక్కుమంటోంది. పోలయ్య ఒక చేత్తో కంబళి అంచు తడుముతూ, రెండో చేత్తో నుదుటి చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు. యంత్రం కదిలింది. కాసేపు అంతా బాగానే ఉంది.

అప్పుడు కాగితం అంచున ఎర్రటి మచ్చ కనిపించింది. దాని వెనకే ఇంకొకటి. కాస్త ఎడంతో మరొకటి. కంబళి ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి మళ్ళీ అవే మచ్చలు, ఇంకా చిక్కగా. రోలర్ల కింద పిండిన నీళ్ళు కూడా ఎర్రగా కారుతున్నాయి.

"ఓలమ్మో, నెత్తురు!" అని ఎవరో అరిచారు.

ఆ కేకతో చేతుల్లో ఉన్నవి ఎక్కడివక్కడ పారేసి జనం గోడలకు అతుక్కుపోయారు. పోలయ్య యంత్రాన్ని తిప్పే తోలు పట్టా పక్కకు లాగి దాన్ని ఆపాడు. తన చెయ్యి చూసుకున్నాడు, వేళ్ళు ఉన్నాయి. రాజులమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. తాను పెట్టింది పసుపు, కారుతున్నది ఎరుపు. ముట్టుకోవద్దన్నదాన్ని ముట్టుకుంది, దండం పెట్టి మరీ లేపింది, అది లేచింది. ఆమెకు తోచింది అంతే. తోచినదాన్ని నోట్లోనే కుక్కుకుంది.

ధనరాజు కళ్ళు సుక్రు భుజం మీది పాత కంబళి ముక్క మీద పడ్డాయి.

"ఆ ముక్క ఈడికాడ ఎందుకుంది? నా తమ్ముడి వేళ్ళు తిన్న కంబళిది కాదేటి అది? దాన్ని కొండకి పట్టుకెళ్ళి సిల్లంగి ఎట్టించేడు. కొత్తదాన్ని తడిపింది కూడా ఈడే!"

చేతబడిని అక్కడ చిల్లంగి అంటారు. ఆ మాట ఒకసారి ఎవరి మీదైనా పడిందంటే కడుక్కోవడానికి గెడ్డ నీళ్ళు చాలవు. చిల్లంగివాడు మంత్రం పలకకుండా ముందు పళ్ళు రాలగొడతారు. తరవాత కొండవారకు తీసుకుపోతారు. అలా పోయినవాళ్ళు తిరిగి రావడం ఎవరూ చూడలేదు. సుక్రు "నాను సేయలేదు, నాను సేయలేదు" అంటూ వెనక్కి నడిచాడు. పదిమంది మీద పడి, చేతులు విరిచి, గోనెల గదిలో వేసి గొళ్ళెం పెట్టారు. సర్వేశ్వరరావు ఆఫీసు గదిలో దూరి తలుపు వేసుకున్నాడు. జనాన్ని మిల్లులోంచి బయటికి పంపే పాటి ధైర్యం కూడా ఆయనకు లేకపోయింది. ఊళ్ళో ఇంకో నలుగురు మగవాళ్ళను పిలుచుకు వస్తానని ధనరాజు బయల్దేరాడు.

పోలయ్య రాజులమ్మను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చి గోడకు చేరగిలబడ్డాడు. పెళ్ళాం ముఖం చూడలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే ముడుస్తూ తెరుస్తూ ఉన్నాడు. రాజులమ్మకు ముందు మొగుడికి దిష్టి తీయాలనిపించింది. ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి, చిటికెడు పసుపు వేసి కలిపింది. నీళ్ళు పచ్చగా అయ్యాయి. సున్నపు కాయలోంచి ఇంత గోకి వేసింది.

నీళ్ళు ఎర్రబడ్డాయి.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చూస్తున్నదే. ప్రతి పెళ్ళిలోనూ కాళ్ళకు పారాణి కలిపింది ఈ చేత్తోనే. అయినా పళ్ళెం ముందు కూర్చుని, ఎప్పుడూ ఎరగనిదాన్ని చూసినట్టు చూసింది. కంబళికి పసుపు. గుజ్జులో సున్నం లాంటి కారం. అంతే, ఇంకేమీ లేదు.

"మావా, అది నెత్తురు కాదు. నానే పసుపు ఎట్టేను."

పోలయ్యకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక లేచి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"నోరు మూసుకో. ఈ మాట బయటెడితే ఏటవుద్దో ఎరుకా? ఆడిని ఒగ్గేసి నిన్ను పట్టుకుంటారు. నువ్వే సిల్లంగి ఎట్టేవంటారు. నీ పళ్ళు రాలగొడతారే!"

"ఆడిని సంపేత్తారు మావా."

"సంపనీ! ఆడు నీకేటవుతాడు?"

పోలయ్య చెడ్డవాడు కాదు. భయపడ్డవాడు, అంతే. రాజులమ్మ కూడా భయపడింది. నాలుకతో తన ముందు పళ్ళు తడుముకుంది. గట్టిగా ఉన్నాయి. ఇవి ఊడితే ఎలా ఉంటుందో, ముందు ఏది పోతుందో అనుకుంటూ పళ్ళెం పక్కనే చతికిలబడింది. కదలలేదు. మిల్లు వైపు నుంచి కేకలు మొదలయ్యాయి. అప్పుడు కూడా కదలలేదు. ఆ కేకల్లోంచి సుక్రు గొంతు ఒక్కటే విడిగా వినబడింది. "అప్పా!" అని పిలిచాడు. ఆ ఊళ్ళో అతను అప్పా అని అక్క వరసతో పిలిచేది ఒక్క రాజులమ్మనే.

మొగుణ్ణి తోసుకుని ఎలా బయటపడిందో ఆమెకే తెలియదు. పసుపు డబ్బా ఒక చేతిలో, చీర కుచ్చెళ్ళు రెండో చేతిలో పట్టుకుని మిల్లులోకి పరిగెత్తింది.

సుక్రును యంత్రం ముందు మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి. ధనరాజు చేతిలో కంబళి బిగించేటప్పుడు వాడే కొయ్య సుత్తి ఉంది. అది అప్పటికే తడిసి ఉంది.

"ఆపండ్రా! నానే ఎట్టేను! పసుపు! నానే!"

ఎవరూ వినిపించుకోలేదు. ఆమె గుంపును చీల్చుకుంటూ గుజ్జు తొట్టి దగ్గరికి పోయి, డబ్బా మొత్తం అందులో బోర్లించి చేత్తో కలిపింది. తెల్లటి గుజ్జు ఎర్రబడింది, ఆ ఎరుపు తొట్టంతా పాకింది. మోచేతి దాకా ఎర్రబడ్డ చెయ్యి పైకెత్తి చూపించింది.

"సూడండి! ఎవుడి నెత్తురిది? సెప్పండి, ఎవుడిది? కొత్త బట్టకి పసుపు ఎట్టేను. అదే నా తప్పు. నన్ను కొట్టండి!"

ఒక ముసలామె ముందుకు వచ్చి, గుజ్జు కాస్త తీసి వాసన చూసి, "పారాణే" అంది. ఆ మాటకు గుంపు కొంచెం వెనక్కి జరిగింది. కొందరు రాజులమ్మను చూశారు. ఆ చూపుకు ఆమె ఎవరి చెయ్యి లేస్తుందోనని కాచుకుని నిలబడింది. ఏ చెయ్యీ లేవలేదు. ప్రతి ఇంట్లోనూ పారాణి కలిపిన ఆడది ఉంది. ధనరాజు సుత్తిని ఎక్కడ పెట్టాలో తెలియక, తీసుకున్న చోటే మేకుకు తగిలించాడు.

ఎవరో కట్లు కోశారు. సుక్రు లేచాడు. ముందు పళ్ళు రెండు లేవు, మూడోది వేలాడుతోంది. చొక్కా అంతా తడిసింది. పొమ్మన్నా పోలేదు. ఆగిపోయిన యంత్రం దగ్గరికి నడిచి, బిగువుగా నిలబడ్డ తెల్లటి కంబళిని రెండు చేతులా పట్టుకుని, అందులో మూతి అదిమి నెమ్మదిగా తుడుచుకున్నాడు. ఓవర్సీరు చెప్పకుండా ఎవరూ ముట్టుకోకూడని కంబళి అది. వద్దన్నవాడు లేడు.

తరవాత రాజులమ్మ వైపు తిరిగాడు. పళ్ళు లేని నోటికి మాట సరిగా తిరగలేదు గానీ అందరికీ అర్థమైంది.

"అప్పా, ఇది పసుపు కాదు."

భుజాన ఉన్న పాత ముక్క తీసి ఆమె కాళ్ళ దగ్గర పెట్టి, కొండ దారి పట్టాడు. మళ్ళీ దిగలేదు.

కంబళి ఉతికే పని రాజులమ్మ మీద పడింది. ఎండలో ఆరేసేసరికి పసుపు బొట్లు జాడ లేకుండా పోయాయి. సుక్రు మూతి తుడుచుకున్న చోటు మటుకు వేడి సోడా నీళ్ళకు ఇంకా గట్టిగా పట్టుకుంది. రాయి పెట్టి తోమింది, వేళ్ళు పగిలేదాకా తోమింది. పోలేదు. ఇంకో కంబళి రావాలంటే నెలలు పడుతుంది కనక దాన్నే మళ్ళీ ఎక్కించారు. యంత్రం తిరిగింది. చుట్టుకొకసారి కాగితం మీద గోధుమరంగు మచ్చ వచ్చేది. ఆ ముక్క కోసి పక్కన పడేసే పని ధనరాజుకు ఇచ్చారు. అతను తల ఎత్తకుండా కోసేవాడు. అదేమిటని కొత్తగా చేరినవాళ్ళు అడిగితే ఎవరూ చెప్పేవాళ్ళు కాదు.

యంత్రం బలి కోరుతోందని మాత్రం ఆ తరవాత ఎవరూ అనలేదు. రాజులమ్మకు భయం పోలేదు. ఇదివరకు యంత్రాన్ని చూస్తే వేసేది, ఇప్పుడు దాని చుట్టూ నిలబడ్డ మనుషుల్ని చూస్తే వేస్తోంది. మొగుడికి అన్నం తెచ్చినప్పుడల్లా ఆమె రోలర్ల దగ్గర ఆగేది. మచ్చ వస్తుంటే కళ్ళు మూసుకునేది. కళ్ళు తెరిచేసరికి అది ఒక చుట్టు తిరిగి మళ్ళీ వస్తూ ఉండేది.