మూత మీద టిక్కు

స్నిగ్ధ మీద నాకేం కోపం లేదని అందరితో అంటున్నాను. అబద్ధం. ఒళ్లు మండిపోతోంది.

సిద్దిపేట జిల్లా ములుగు దగ్గర, హైవే పక్కన మా ల్యాబు. ఇద్దరం ఒకే రోజు చేరాం. ల్యాబు నడిపే రత్నాకర్ సార్‌కు తెలియకుండా రెండేళ్లుగా మా మధ్య ఒక ఒప్పందం. ఆదివారం నేను నంగునూరు చర్చికి పోతే నా పని తను చేస్తుంది, బతుకమ్మ రోజుల్లో తన పని నేను చేస్తాను. చేశాక, కణాలు పెంచే ప్లేటు మూత మీద టిక్కు పెట్టాలి. టిక్కు ఉంటే ఇంకేమీ అడగం.

మేము చేసేది కిల్లర్ టీ కణాలను లేపడం. జబ్బుపడ్డ కణాలను చంపేవి అవే. కానీ శత్రువును గుర్తుపట్టినంత మాత్రాన అవి కదలవు. అది మొదటి సంకేతమే. పక్కనున్న కాపలా కణం “నిజమే, కానియ్” అన్నట్టు రెండోది కూడా ఇవ్వాలి. అది అందకపోతే కణం మొద్దుబారిపోతుంది, తర్వాత రెండూ ఇచ్చినా సరిగా లేవదు. ల్యాబులో ఈ రెండు సంకేతాలనూ రెండు సీసాల మందుతో మేమే ఇస్తాం.

ఈసారి పర్మినెంటు పోస్టు ఒక్కటే వచ్చింది. ఎవరి ప్లేటు బాగుంటే వాళ్లకే అన్నారు రత్నాకర్ సార్. శనివారం నా ప్లేటులో మొదటి మందు నేనే పెట్టాను. ఆదివారం కణాలూ, రెండో మందూ స్నిగ్ధ వేయాలి. సోమవారం వచ్చి చూస్తే మూత మీద టిక్కు ఉంది.

గురువారానికి స్నిగ్ధ కణాలు గుంపులు గుంపులుగా పెరిగాయి. నావి ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉన్నాయి.

“షారోన్, నీ ప్లేటుల రెండో మందు పడ్డట్టు లేదు, ఏసినవా?” సార్ అడిగారు.

స్నిగ్ధ తల దించుకుంది. పాపం, తొందరలో మరిచిపోయి ఉంటుంది, నా మూలంగా మాట పడకూడదు అనుకున్నాను. నా అంత పిచ్చిది ఇంకొకతె ఉండదు.

“లేదు సార్. నేనే ఎయ్యడం మర్సిపోయిన.”

స్నిగ్ధ కిమ్మనలేదు. పోస్టు తనకే వచ్చింది.

సాయంత్రం ఫ్రిజ్ సర్దుతుంటే నా పేరు రాసిన రెండో మందు సీసా కనిపించింది. సీలు కూడా తీయలేదు. అదే ట్రేలో స్నిగ్ధ సీసా సగం ఖాళీగా ఉంది. ఆదివారం తనది తీసుకుని నాది వదిలేసింది. పైగా టిక్కు పెట్టింది.

బస్టాప్‌లో స్నిగ్ధను పట్టుకుని సీసా చూపించాను.

“మర్సిపోయినవా?”

“లే. పోస్టు ఒక్కటే ఉండె షారోన్. నీదే మంచిగొస్తదని నాకెర్కే.”

“మరి నీకోసం నేను అబద్ధమాడుతుంటే ఎట్ల ఊకున్నవే?”

“నేను ఆడమన్ననా?”

సిద్దిపేట బస్సు వచ్చింది. స్నిగ్ధ ఎక్కి, రోజూలాగే పక్క సీటులో సంచి పెట్టి నాకు జాగ ఆపింది. నాకు ఏడుపొచ్చింది. ఎక్కలేదు.

పొద్దున్నే సార్ ముందు ఈ సీసా పెట్టేద్దామనుకున్నాను. పెడితే ఏమంటారు? వేయడం మరిచిపోయానని నా నోటితో నేనే చెప్పాను. సీలు తీయని సీసా చూపిస్తే ఆ మాట నిజమేనని ఇంకా గట్టిగా నమ్ముతారు.