నాలో మిగిలిన ఊపిరి

నేను ఒక ఊదుగొట్టాన్ని. పొయ్యి ఊదే గొట్టాన్ని అనుకునేరు! కొన్నాళ్ళు ఆ పని కూడా చేశాననుకోండి, ఆ భాగోతం తర్వాత చెబుతాను. పుట్టుకతో మాత్రం నేను గాజు ఊదే గొట్టాన్ని. మనిషి నిలువుకు కాస్త తక్కువ పొడవు, బొటనవేలంత లావు, ఈ కొస నుంచి ఆ కొస దాకా బోలు. ఒక కొసన మనిషి నోరు, రెండో కొసన నిప్పులా కాగిన గాజు ముద్ద. ఆ రెండింటి మధ్య బతకడం ఎలా ఉంటుందో నన్నడగండి.

గూడూరు దగ్గర పేరైనా లేని ఒక లేతు షెడ్డులో నన్ను తయారు చేశారు. నీళ్ళ పంపుకని తెచ్చిన ఉక్కు గొట్టాన్ని కోసి, ఒక కొసను సన్నగా చేసి, పెదవులు కోసుకోకుండా అంచు అరగదీశారు. పంపుకే పోయి ఉంటే జీవితాంతం నీళ్ళు మోస్తూ చల్లగా ఉండేదాన్ని. నా రాత ఊపిరి మోయమంది.

అక్కడి సముద్రపు ఒడ్డున ఇసుక పంచదారలా తెల్లగా ఉంటుంది. ఆ ఇసుకను నమ్ముకుని ఒక గాజు ఫ్యాక్టరీ వెలిసింది. లాంతరు చిమ్నీలు, ఊరగాయ సీసాలు, మందు సీసాలు చేసేవారు. అందులో మస్తానయ్య అనే సన్నపాటి మనిషి చేతికి నన్ను ఇచ్చారు. మనుషులు ఊపిరిని నీళ్ళకన్నా దుబారాగా ఖర్చు పెడతారు. తిట్టడానికి, పొగడడానికి, పక్కవాడి ఇంటి సంగతులు చెప్పుకోవడానికి ఎంతైనా వాడేస్తారు. మస్తానయ్య మాత్రం పొదుపరి. మాట్లాడితే గాజుకు తక్కువవుతుందన్నట్టు మౌనంగా ఉండేవాడు. అతని ఊపిరి బీడీ వాసన, చేపల పులుసు వాసన వేసేది. నాకు మొదట్లో రోత పుట్టింది, తర్వాత అదే అలవాటైపోయింది.

ఊదేవాళ్ళకు ఒక కిటుకు తెలుసు. గొట్టంలోకి చిన్న ఊపిరి వదిలి, వెంటనే మూతిని బొటనవేలితో మూసేస్తారు. లోపల చిక్కుకున్న గాలి వేడికి పెరిగి, గాజు ముద్దలో తనంతట తానే బుడగ కడుతుంది. మనిషి నోరు తీసేశాక కూడా ఆ ఊపిరి పని చేస్తూనే ఉంటుందన్నమాట. మొదటిసారి చూసినవాళ్ళు జడుసుకుంటారు. మస్తానయ్యకు ఆ కిటుకు రానురాను బతుకుతెరువు అయింది. తెల్లటి ఇసుక దుమ్ము అతని రొమ్ములో చేరింది. చెంబెడు ఊపిరి గ్లాసెడు అయింది, గ్లాసెడు గుక్కెడు అయింది. బొటనవేలు అడ్డం పెట్టి ఆ లోటును అందరి కంటా పడకుండా కప్పుకొచ్చాడు. నాకు మాత్రం తెలుసు. చెప్పడానికి నాకు నోరుంది, మాట లేదు.

ఒక మధ్యాహ్నం మస్తానయ్య నాలోకి ఊది, బొటనవేలు పెట్టి, అలాగే మోకాళ్ళ మీదికి జారిపోయాడు. వేలు నా మూతి మీదే ఉంది. అవతలి కొసన బుడగ మెల్లగా ఉబ్బుతూనే ఉంది. దాన్ని ఊదినవాడు అప్పటికే లేడు.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఫ్యాక్టరీ కూడా మూతపడింది. మిషన్ సీసాలు వచ్చాక చేత్తో ఊదిన సీసా ఎవరికి కావాలి? పనివాళ్ళు ఎవరి గొట్టం వాళ్ళు ఇంటికి పట్టుకుపోయారు. మస్తానయ్య గొట్టాన్నైన నన్ను అతని భార్య హుసేనమ్మ తీసుకుపోయింది. తీసుకుపోయి కట్టెల పొయ్యి దగ్గర పెట్టింది. ఊరగాయ సీసాలకు ప్రాణం పోసిన నేను చివరికి సరుగుడు పుల్లల బూడిద ఊదుకుంటూ కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోవచ్చు గాని, ఇనుముకు ఆ వీలు లేదు.

అక్కడే మొదటిసారి అది జరిగింది. హుసేనమ్మ ఒకసారి ఊది, ఎసట్లో బియ్యం వేయడానికి అటు తిరిగింది. నేను పొయ్యి గట్టు మీద ఊరికే పడి ఉన్నాను. నాలోంచి సన్నగా, నిదానంగా గాలి కదిలింది. నిప్పులు ఎర్రబడ్డాయి, మంట లేచింది. హుసేనమ్మ వెనక్కి తిరిగి మంటను చూసింది, తర్వాత నన్ను చూసింది. భయపడలేదు.

"ఉండావా?" అంది.

నాలో బీడీ వాసన వచ్చింది. అది నాకూ తెలిసింది, ఆమెకూ తెలిసింది. ఆనాటి నుంచి ఆమె పొయ్యి ఊదడం మానేసింది. నన్ను పక్కన పెట్టుకుని కబుర్లు చెప్పేది. మేక ఈనిందని, వాన రాలేదని, పక్కింటివాళ్ళు గోడ జరిపారని చెప్పేది. ముసల్దానికి మతి పోయిందని ఇరుగుపొరుగు తీర్మానించారు. మతి పోయినవాళ్ళ అన్నం అంత పదునుగా ఎలా ఉడుకుతుందో ఒక్కరూ ఆలోచించలేదు.

కొన్నేళ్ళకు ఆ ఇంటికి హైమావతి వచ్చింది. నెల్లూరు పిల్ల, బొమ్మల కాలేజీలో చదివి గాజు పని నేర్చుకుంది. ఎవరి కిందా ఉద్యోగం చేయనని, మూతపడిన రొయ్యల హేచరీ షెడ్డు ఒకటి తీసుకుని అందులో సొంతంగా కొలిమి కట్టుకుంది. పాత ఫ్యాక్టరీవాళ్ళ పనిముట్లు ఏమైనా దొరుకుతాయేమోనని ఊళ్ళో ఇల్లిల్లూ అడుగుతూ వచ్చి, పొయ్యి దగ్గర నన్ను చూసి నిలబడిపోయింది.

"ఇది గాజు ఊదే గొట్టం కదా పెద్దమ్మా! దీంతో పొయ్యి ఊదుతున్నారా?"

"నేను ఊదటంలే పాపా. అదే ఊదతా ఉండాది."

హైమావతి నవ్వింది. పెద్దవాళ్ళ చమత్కారం అనుకుంది. "నాకిస్తారా?" అని అడిగింది.

"ఇస్తా. దాంతోపాటు నేనూ వస్తా. అది యాడుంటే నేనాడ."

అలా మేమిద్దరం, లెక్క సరిగా చూస్తే ముగ్గురం, హేచరీ షెడ్డుకు చేరాం. పొద్దున్నే కొలిమి తలుపు తీయడం, మూయడం హుసేనమ్మ పని. మిగిలినవన్నీ హైమావతివే. గాజు కరిగించడం, నన్ను ముంచి ముద్ద తీయడం, బల్ల మీద దొర్లిస్తూ తడి న్యూస్‌పేపరు మడతతో దానికి రూపు తేవడం, ఊదడం, విడగొట్టి చల్లారే పెట్టెలో పెట్టడం. గాజు ఒక్కసారిగా చల్లారితే లోపల కక్ష పెట్టుకుంటుంది, ఎప్పుడో ఒకనాడు ఎవరూ తాకకుండానే పగులుతుంది. అందుకని రాత్రంతా వెచ్చగా ఉంచి, తెల్లారి గుడ్లు తీసినంత జాగ్రత్తగా తీసేది. ఆ తర్వాత ఫోటోలు తీయాలి, గడ్డిలో చుట్టి పార్శిళ్ళు కట్టాలి, ఫోన్లకు జవాబులు చెప్పాలి. పువ్వులాంటి కూజాను అంత కష్టపడి చేస్తే, కొన్నావిడ ఫోన్ చేసి "ఇలాంటిదే ప్లాస్టిక్‌లో ఉందా?" అని అడిగింది. హైమావతి ఆ రోజు అన్నం తినలేదు.

ఆమెకు ఒక పట్టుదల ఉండేది. బజార్లో దొరికే గాజు ముక్కలు కొనదు. ఈ ఒడ్డున దొరికే ఇసుకతోనే తన గాజు తానే చేసుకోవాలి. ఆ ఇసుకను మెత్తగా దంచి, జల్లించి, సున్నమూ సోడా కలిపేది. జల్లించినప్పుడు షెడ్డంతా పొగమంచులా తెల్లదుమ్ము లేచేది.

"ముక్కుకి గుడ్డ కట్టుకో పాపా," అనేది హుసేనమ్మ.

"గుడ్డ కడితే ఊపిరాడదు పెద్దమ్మా," అనేది హైమావతి.

మొదటిరోజే నాకు సంగతి అర్థమైంది. హైమావతి ఊదింది సగమే. మిగతా సగం నాలోంచి వచ్చింది. బుడగ నిండుగా, గుండ్రంగా లేచింది. కిటుకు బాగా పట్టుబడిందని ఆమె మురిసిపోయింది. కొలిమి పక్కన పీట మీద కూర్చున్న హుసేనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకుంది. మొగుడు మళ్ళీ పనిలోకి వచ్చాడు మరి.

ఏళ్ళు గడిచాయి. హైమావతి దీపపు బుడ్డీలకు పేరొచ్చింది. గుమ్మడికాయంత పెద్దవి, అంత పలచనివి ఇంకెవరూ ఊదలేరని చెన్నై నుంచి వచ్చి చూసి వెళ్ళేవారు. ఒక్కోసారి ఆమె నోరు తీసేసి, వేలు పెట్టడం మరచి, నుదుటి చెమట తుడుచుకుంటూ ఉండగానే బుడగ పెరుగుతూ పోయేది. అప్పుడు ఆమె నన్ను వింతగా చూసేది. మళ్ళీ పనిలో పడిపోయేది. మనుషులు తమకు లాభం కలిగించే దెయ్యాన్ని గురించి పెద్దగా ఆరా తీయరు.

ఈలోగా ఆమె ఊపిరి తగ్గుతూ వచ్చింది. మస్తానయ్య ఊపిరి తగ్గినట్టే, అదే వరసలో. తగ్గినంతా నాలోంచి అతను భర్తీ చేసేవాడు. మంచి మనిషి, చచ్చాక కూడా పక్కవాళ్ళ కష్టం చూడలేడు. ఆ మంచితనమే పిల్లను చంపుతోందని అతనికి ఎవరు చెప్పాలి? నేను చెప్పలేను. నాకు ఏడుపు కూడా రాదు, వస్తే తుప్పు వస్తుంది.

హుసేనమ్మ ఆ దగ్గును గుర్తుపట్టింది.

"ఆ దగ్గు ఎన్నాళ్ళ నుంచి పాపా?"

"దుమ్ము పెద్దమ్మా. చలి తగ్గితే అదే పోతుంది."

"ఆయనా అట్నే అంటా ఉన్న్యాడు. ఒకసారి ఆస్పత్రికి పోయొద్దాం పా."

హైమావతి చల్లారే పెట్టెలోంచి పెద్ద బుడ్డీ తీసి వెలుతురుకు ఎత్తి చూపించింది. "రొమ్ములో జబ్బున్న మనిషి ఇంత ఊదగలదా? మీరే చెప్పండి."

అది ఎవరు ఊదారో హుసేనమ్మకు తెలుసు. అన్నాళ్ళూ నవ్వుకున్న మనిషి ఆ రోజు నన్ను చూసి నవ్వలేదు. ముఖం తిప్పుకుంది. నాలో ఉన్నవాణ్ణి పోగొట్టుకోవాలి, లేకపోతే ఈ పిల్లను పోగొట్టుకోవాలి. మూడోదారి లేదు. రెండు రోజులు ఆమె నాతో పలకలేదు.

మూడోరోజు బేస్తవారం. హైమావతి పార్శిల్ వేయడానికి బస్టాండుకు వెళ్ళింది. మిట్టమధ్యాహ్నం, కొలిమి చల్లగా ఉంది. షెడ్డులో గాజు సామాన్లన్నీ ఎండను పట్టుకుని కదలకుండా చూస్తున్నాయి. హుసేనమ్మ నన్ను ఒళ్ళో పెట్టుకుంది.

గాజు పనిలో అడుగుపెట్టిన ప్రతివాడికీ మొదట చెప్పే మాట ఒకటే: గొట్టంలోకి ఊదు, గొట్టంలోంచి పీల్చకు. పీలిస్తే కొలిమి వేడి రొమ్ములోకి పోతుంది. ఆ మాట మస్తానయ్య ఎందరికి చెప్పాడో ఆమెకు తెలుసు. ఆమె నా మూతిని పెదవుల మధ్య పెట్టుకుని, కళ్ళు మూసుకుని, లోపలికి పీల్చింది.

నా జన్మలో గాలి వెనక్కి నడవడం అదే మొదలు. బీడీ వాసన, చేపల పులుసు వాసన, పాత ఫ్యాక్టరీ వేడి, అన్నీ నాలోంచి జరుగుతూ ఆమె నోటి వైపు పోయాయి. ఎక్కడో మధ్యలో ఒక్కసారి ఆగింది, గడప దగ్గర మనిషి ఆగినట్టు. తర్వాత అదీ పోయింది. నేను చల్లబడ్డాను.

ఆమె నోరు బిగించి, బుగ్గలు నింపుకుని, నన్ను కర్రలా ఆనుకుంటూ బయటికి నడిచింది. సముద్రపు గాలికి ఎదురుగా తెల్ల ఇసుకలో నిలబడి, పట్టుకోగలిగినంతసేపు పట్టుకుంది. ముఖం నల్లబడింది, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. అప్పుడు వదిలింది. ఎదురుగాలిని తోసుకుంటూ ఇసుక మీద ఒక సన్నటి గీత సముద్రం దాకా సాగింది.

మన వైపు ఇంట్లోంచి బయల్దేరిన వాళ్ళను ఎవరూ పొమ్మనరు, పోయిరమ్మంటారు. హుసేనమ్మ ఆ గీత వైపు చూస్తూ, "పో," అంది. అంతే అంది.

మర్నాడు పొద్దున హైమావతి గాజు ముద్ద తీసి, ఎప్పటిలాగే ఊది, వేలు పెట్టి చూసింది. బుడగ లేవలేదు. మళ్ళీ ఊదింది, దగ్గు వచ్చింది. ముఖం ఎర్రబడేదాకా, నరాలు తేలేదాకా ఊదింది. చివరికి గాజు ముద్దలో ఉసిరికాయంత వంకర బుడగ ఒకటి మిగిలింది. ఆమె దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, నేల మీద చతికిలబడింది.

"ఏమైంది పెద్దమ్మా దీనికి? గొట్టం పూడిపోయిందా?"

"గొట్టం బాగుండాది పాపా. నీ ఊపిరి ఇంతే ఉండాది. ఇది ఉండంగనే ఆస్పత్రికి పోదాం పా."

హైమావతి ముసలామె మెడ పట్టుకుని చిన్నపిల్లలా భోరుమంది. ఆ ఏడుపుకు కూడా ఊపిరి చాలక మధ్యమధ్య ఆగింది.

నెల్లూరులో డాక్టరు రొమ్ము ఫోటో తీయించి చెప్పాడట, పోయిన ఊపిరి తిరిగి రాదని, ఇసుక జోలికి పోకపోతే ఉన్నది నిలుస్తుందని, ఇంకో ఏడాది ఇలాగే నడిచి ఉంటే చేయడానికేమీ ఉండేది కాదని. ఇప్పుడు హైమావతి జల్లెడ పట్టదు, ఊదదు. గాజు పలకలు తడిపి కోసి, పేర్చి, కరెంటు పెట్టెలో కరిగించి కొత్త పని చేస్తోంది. బాగానే చేస్తోంది. నేను షెడ్డు మూల గోడకు చేరబడి ఉన్నాను. నాలో ఎవరూ లేరు. రాత్రిళ్ళు గాలి వీస్తే కూత పెడతాను, అది గాలే.

హుసేనమ్మ రోజూ వస్తుంది. నాతో కబుర్లు చెప్పదు. కొంగుతో నన్ను తుడిచి, ఎదురుగా కూర్చుంటుంది. నిన్న హైమావతి మందులు వాడుతోందో లేదో కనుక్కోవడానికి ఆశా కార్యకర్త వచ్చింది. పోతూ పోతూ హుసేనమ్మను పలకరించింది.

"మీ ఇంటాయన కూడా ఈ జబ్బుతోనే పోయినాడంట గదా అవ్వా. పోయి ఎన్నేళ్ళయింది?"

"పోయిన నెల," అంది హుసేనమ్మ. "బేస్తవారం నాడు."

ఆశా కార్యకర్త జాలిగా తల ఆడించి వెళ్ళిపోయింది. హైమావతి మాత్రం చేతిలోని గాజు పలకను బల్ల మీద పెట్టి, మూలనున్న నన్ను చాలాసేపు చూసింది. తర్వాత వచ్చి ఆమె పక్కన కింద కూర్చుంది, చావు జరిగిన ఇంట్లో కూర్చున్నట్టు.