ఒర్లెట్ లెన్సు, మందపాటి రింగు

ఆమె కెమెరాలు బాగుచేసేది. పొద్దున్నే నీలం ఏప్రన్ కట్టుకుని, స్క్రూడ్రైవర్ చెవి మీద దోపుకుని కొట్లో బల్ల ముందు కూర్చుందంటే మధ్యాహ్నం దాకా తల ఎత్తేది కాదు. పేరుమోసిన లెన్సులంటే ఆమెకి లెక్కలేదు. "వాటికేం, అందరూ నెత్తిన పెట్టుకుంటారు" అనేది. పెట్రి, చినాన్, మిరాండా... ఎవరూ అడగని పాత లెన్సులన్నీ ఆమె సొరుగులోకే వచ్చి చేరేవి. ఒక్కోదానికీ బూజు వదిలించి, మెత్తటి గుడ్డలో చుట్టి పెట్టుకునేది.

వాటిలో ఒర్లెట్ అని ఒకటుంది. ఆ కంపెనీ పేరు విన్నవాళ్ళే లేరు. అందులోంచి చూస్తే పావుగంట తర్వాత జరగబోయేది కనిపించేది. ఫిల్ము కడిగి ఫోటో చేతికొచ్చేసరికి ఆ పావుగంట ఎప్పుడో దాటిపోయేది, అందుకే ఎవరూ కొనలేదు పాపం. వాళ్ళమ్మకి మాత్రం అది రోజూ కావాలి. టీ పెట్టేముందు కెమెరా కంటికి ఆనించి, బల్ల దగ్గర ఎంతమంది కూర్చుంటారో చూసుకుని అన్ని కప్పుల పాలు పోసేది. ఎప్పుడు చూసినా రెండే.

పక్క కొట్లో ఫిల్ములు కడిగే ఆయన వచ్చినప్పుడల్లా ఒకటే పాట.

"ఆ రింగు మార్చండి. మరీ మందం. దగ్గరివి తప్ప దూరంవన్నీ మసకే."

ఒర్లెట్ ఆమె కెమెరాకి పట్టదు, మధ్యలో ఓ రింగు వేసిందిలెండి.

"నా పని నాకు నేర్పకండి" అనేది ఆమె. ఆయన నవ్వుకుంటూ వెళ్ళేవాడు. ఆ నవ్వు కోసమే రింగు మార్చలేదేమో, ఎవరడిగారు?

రానురాను ఫిల్ములు కడిగించుకునేవాళ్ళు తగ్గిపోయారు. ఆయనకి వేరే ఊళ్ళో, ఆసుపత్రిలో ఎక్స్‌రేలు కడిగే పని దొరికింది. నాలుగు గంటల బస్సుకి ప్రయాణం. అరగంట ముందు ట్రంకుపెట్టెతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"వెళ్ళొస్తాను మరి. ఏమైనా చెప్పాలా?"

వెళ్ళొద్దని చెప్పాలని ఆమెకి ప్రాణం కొట్టుకుపోతోంది.

"తలుపు దగ్గరగా వేసి వెళ్ళండి" అంది.

కాసేపు ఉగ్గబట్టుకుంది. పావు తక్కువ నాలుగుకి ఇక ఆగలేక ఒర్లెట్ తీసి ఎదురుగా బస్టాపు వైపు తిప్పింది. బస్సు వచ్చి ఆగి ఉంది. ఆయన పెట్టెకి రెండో పక్క పట్టుకుని ఎవరో ఆడమనిషి. ముఖం మసక.

"ఓహో! ఎవరో ఉందన్నమాట. మాటమాత్రమైనా చెప్పలేదు చూశావా!"

కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంతలోనే ఒళ్ళు మండింది. ఆవిడెవరో చూడకుండా ఊరుకునే రకమా! పది నిమిషాలు సొరుగంతా కెలికి సన్నటి రింగు పట్టుకుంది. మందపాటిది ఊడదీసి, ఇది బిగించి, లెన్సు చివరిదాకా తిప్పి చూసింది.

ఈసారి బస్సు వెళ్ళిపోయింది, ట్రంకుపెట్టె మాత్రం వెళ్ళలేదు. పక్కనున్న మనిషికి నీలం ఏప్రన్, చెవి మీద స్క్రూడ్రైవర్.

"నా మొహం మండ!" అంటూ లేచి పరిగెత్తింది.

ఆమె రొప్పుతూ చేరేసరికి బస్సు వచ్చి ఆగుతోంది.

"రింగు మార్చాను" అంది.

"ఇన్నాళ్ళకా?"

"మీరు వెళ్ళొద్దు. మీరు లేకపోతే నాకు ఉండబుద్ధి కాదు. మా వెనకగదికి కిటికీ లేదు, పట్టపగలు కూడా చీకటే. మీ ఫిల్ములు కడిగే ట్రేలూ డబ్బాలూ అక్కడ పెట్టుకోండి."

"అయిదేళ్ళుగా చెప్పనిది పెట్టె సర్దుకున్నాకా చెప్పడం!" ఆయన పగలబడి నవ్వాడు.

ఆమె పెట్టెకి రెండో పక్క పట్టుకుంది.

అక్కడ కొట్లో వాళ్ళమ్మ కెమెరా కంటికి ఆనించి, బల్ల వైపు ఒకసారి చూసి, మూడు కప్పుల పాలు పోసి స్టవ్ వెలిగించింది.