నీటివైపు మొగము

మార్గశిరమాసపు ప్రాతఃకాలమున విజయనగరపు కోటగోడల చుట్టును మంచు పాలమీగడవలె పేరుకొనియుండగా తూర్పుదిక్కున బాలారుణకిరణములు దానిని చీల్చుకొని రాలేక తటపటాయించుచున్నట్లు తోచుచుండెను. రజకవీధి చివరనున్న గౌరీశుగారి లాండ్రీ పెరటిలో వరుసలు వరుసలుగా కట్టిన తాళ్లమీద ప్రసూతి ఆసుపత్రి దుప్పట్లు చలికి బిగుసుకొని ఎండకై ఎదురుచూచుచు వ్రేలాడుచుండెను. శాలలోపల మాత్రము మంచమంత వెడల్పుగల ఉతుకుయంత్రము వెనుకతట్టు విప్పబడి నోరు తెఱచిన మృగమువలె పడియుండెను. దానియెదుట మోకాళ్లమీద కూర్చుండి స్పానరు పట్టి పెనుగులాడుచున్న సూరీడమ్మకు ఒక్కటే పంతము. మధ్యాహ్నమునకు కులపెద్దలు వచ్చులోపల తన మఱిది చేసిన తప్పును ఆ యంత్రపు కడుపులోనుండి వెలికితీయవలెను.

ఆమె భర్త గౌరీశు గతించి ఎనిమిది మాసములాయెను. బ్రతికియున్నంతకాలము యంత్రములకు బేరింగులును నీరాపు సీళ్లును అరిగినచో పరాయి మెకానిక్కును గుమ్మము తొక్కనీయక స్వహస్తముతో మార్చిన ఘనుడాతడు. ఇనుపకడ్డీ ఒక కొనను యంత్రమునకును రెండవ కొనను చెవికిని ఆనించి బేరింగు ఇంకెన్నాళ్లు మన్నునో చెప్పగలిగినవాడు. మా ఆయన చెయ్యి తప్పదన్న మాట సూరీడమ్మకు మంగళసూత్రముతో సమానమైన ఆభరణము.

అట్టివాడు పోయిన నెలకే, అంతకుముందు ఫాల్గుణమున ఆతడుండగనే కొత్త బేరింగు వేసిన యంత్రము రోదసి పగులునట్లు గర్జింపసాగెను. సబ్బునీరు సీలు దాటి బేరింగులోనికి దిగుచుండెను. ఇది ఎవని చేతిపని యని సూరీడమ్మ కేకలు వేయగా మఱిది పైడిరాజు తలవంచుకొని నిలిచి "నానే ఏసినానొదినా" అనెను. ఆమె ఒడలెఱుగని కోపముతో "అన్న పేరు సెప్పుకు బతికి అన్న పేరే పాడుసేసినావు. నా గుమ్మం తొక్కకు" అని వాకిలి చూపెను. అతడు వాకిలి దాటి పోయి అనకాపల్లిలో వేఱొక లాండ్రీలో కూలికి కుదిరెను. నిన్నటి దినమున యంత్రము పూర్తిగా బిగుసుకొనిపోవుటతో అతనికి ఈ శాలలో నున్న వాటాను కొట్టివేయవలెనని ఆమె కులపెద్దలకు కబురంపెను.

సాక్ష్యము దొరకునని ఆమె నమ్ముటకు కారణమొకటి కలదు. ఊరివారి బట్టలు కలిసిపోకుండ నల్లజీడి రసముతో ఇంటికొక గుర్తు పెట్టు వంశము వారిది. గౌరీశు ఆ ఆచారమును ఇనుమునకును తెచ్చెను. బేరింగు మార్చినవాడు దానిని కూర్చుండబెట్టు గూటి అంచున మేకుతో తన గుర్తు గీసినగాని మూత బిగింపరాదు. గౌరీశుది మూడు చుక్కలును క్రింద ఒక అడ్డగీతయు. పైడిరాజుది ఒంటి నిలువుగీత. ఆ నిలువుగీతను పెద్దల ముందు పెట్టినచో చాలును.

ఆమె బెల్టు తప్పించి కప్పీని పుల్లరను కొక్కెపు పనిముట్టుతో లాగి పెద్ద పెద్ద బోల్టులు విప్పి గూటిని ఒడిలోనికి దింపుకొనెను. తుప్పునీరు చీరమీద నెత్తురువలె ఒలికెను. ఇత్తడికడ్డీ ఆనించి సుత్తితో కొట్టగా కొట్టగా గుండ్లరిగిన బేరింగు ఊడిపడెను. దాని వెనుక సీలు. ఆ రబ్బరు వలయమునకు ఒకవైపున సన్నని స్ప్రింగు చుట్టియుండును. ఆ మొగము నీటివైపున నున్ననే నీరాగును. ఇచ్చట అది బేరింగువైపునకు తిరిగియుండెను.

"దొరికినావురా పైడిరాజూ!" అని ఆమె కిరసనాయిలు గుడ్డతో గూటి అంచును తుడిచెను.

నిలువుగీత లేదు.

నాలుగు మాఱులు మార్చిన బేరింగులకు నాలుగు గుర్తులుండెను. అన్నియు మూడు చుక్కలే. మొదటి మూడును అచ్చు గ్రుద్దినట్లు తీరుగానుండెను. నాలుగవదాని చుక్కలలో ఒకటి మఱియొకదానిపై పడెను. మూడవది అంచు దాటి జాఱెను. అడ్డగీత త్రోవ తప్పిన గ్రుడ్డివానివలె ఎటో పోయెను. ముప్పది యేండ్లుగా గుర్తులు చదివిన ఆ కన్నులు మోసపోవు. అది ఆయన చేయియే.

అప్పుడు ఆమెకు ఫాల్గుణపు ఆ పగలు జ్ఞప్తికి వచ్చెను. తాను డాబామీద దుప్పట్లు ఆరవేయుచుండ క్రిందనుండి గౌరీశు పిలిచెను.

"ఒలే సూరీడూ! ఓపాలి దిగి ఈ సీలుకి స్ప్రింగు ఎటుందో సూసి సెప్పీ."

"పెళ్ళిసూపుల్లో తలుపు సందునుంచి నా ముక్కుపుడక కనిపెట్టినోడివి, సేతిలో సీలు కనపళ్ళేదా మావా? నా కాళ్ళు నొప్పులు, దిగను పో!"

క్రిందనుండి నవ్వు వినవచ్చెను. మఱల ఆయన అడుగలేదు. ఆ మాసములలోనే గ్లాసు ప్రక్కన టీ పోయుటయు గోడ తడుముకొని నడచుటయు చూచి ఆమె పరాకని ఎగతాళి చేసెను. చక్కెరవ్యాధి ఆ కన్నులను తినివేయుచున్నదని ఎఱుగదయ్యెను.

మధ్యాహ్నమునకు కులపెద్ద బంగారయ్య మఱి యిద్దఱితో వచ్చెను. ఆ వెనుక పైడిరాజు వచ్చి గుమ్మము తొక్కక వెలుపలనే నిలిచెను.

"ఏటి సూరీడూ, ఇనప ముక్కలు ముందరెట్టుకుని కూకున్నావు? పంచాయితీకి పిలిసింది మమ్మల్నా, పాతినప కొట్టోణ్ణా?" అని వృద్ధుడు నవ్వి అటువైపు తిరిగి "ఒరే పైడిరాజూ, ఈ బేరింగేసింది ఎవుడి సెయ్యి?" అని అడిగెను.

"నాదే తాతా. వాటా ఒగ్గేత్తాను. ఈ మాట ఇంక తిరగెయ్యకండి."

అనుచు అతడు ఆమె ఒడిలోని గూటిని చూచెను. చూచి గుమ్మము దాటి పరుగున వచ్చి అఱచేతితో ఆ గుర్తును కప్పెను.

"ఎందుకిప్పినావొదినా?"

"కళ్ళు పోయినాయని నీకెప్పుడు సెప్పినాడు?"

"బేరింగేసిన మర్నాడు. దానికి సెప్పకురా, నా సెయ్యి తప్పదని ఊరంతా సెప్పుకు తిరుగుద్ది అన్నాడు. ఒట్టేయించుకున్నాడు. సీలు సంగతి నాకూ అప్పుడు తెల్దు, నీళ్ళు దిగినాక తెలిసింది. అన్న పోయినాక నీకు మిగిలింది ఆ మాటొకటే గదా. అదీ తీసేత్తే నీకేటుంటాది?"

బంగారయ్య తలపాగా విప్పి ఒడిలో పెట్టుకొనెను. తీర్పు చెప్పవలసిన పని ఎవరికిని లేకపోయెను.

పెద్దలు వెడలిన పిదప సూరీడమ్మ "ఇంటికొచ్చీ నాయినా" అనెను.

"ఇది బిగించి ఎలిపోతానొదినా. పిలిత్తే వత్తాను, ఉండలేను. నిన్ను సూత్తే నాకు ఈ చుక్కలే అవుపిస్తాయి. నన్ను సూత్తే నీకూ అవే."

అతడు గూటిని తుడిచి కొత్త బేరింగును కూర్చుండబెట్టి సీలును మాత్రము ఆమె చేతికిచ్చెను. ఆమె దానిని తిప్పి వ్రేలితో తడిమెను. సన్నని స్ప్రింగు వ్రేలిక్రింద కదలెను. ఆమె సీలును గూటిలో నదిమి బదులు చెప్పక విడిచిన ఆ ఫాల్గుణపు ప్రశ్నకు ఎలుగెత్తి చెప్పెను.

"నీళ్ళయేపు, మావా! స్ప్రింగు నీళ్ళయేపు!"

ఆ గూటి అంచున అయిదవ గుర్తు పెట్టుటకు ఇద్దఱిలో ఎవరికిని చేయి రాలేదు. మూత బిగించి మీట నొక్కగా ఇన్ని మాసములు ఆమె ఏడుపును తన గర్జనలో దాచిన ఆ యంత్రము చప్పుడే లేక తిరుగజొచ్చెను. పెరటిలో తడియారని దుప్పటి అంచునుండి రాలుచున్న ఒక్కొక్క నీటిబొట్టును స్పష్టముగా వినబడుచుండెను. వానితోపాటు వీధి మలుపున దూరమగుచున్న పైడిరాజు అడుగుల చప్పుడును.